హైస్కూల్ నుంచే డ్రాఫ్ట్ అయితే బేస్‌బాల్‌లో మొదటి నాలుగైదేళ్లు ఎలా ఉంటాయి?

మీ ప్రశ్న సారాంశం ఇదీ: టెక్సస్‌లో ఉంటున్నారు, అబ్బాయి హైస్కూల్ సీనియర్, షార్ట్‌స్టాప్‌గా (రెండో, మూడో బేస్‌ల మధ్య ఫీల్డర్) ఆడతాడు, ఒక డివిజన్ వన్ (కాలేజీ ఆటల్లో పై స్థాయి) కాలేజీలో చేరతానని మాటిచ్చాడు, అంటే కమిట్ అయ్యాడు. రెండు మూడు మేజర్ లీగ్ క్లబ్బుల ఏరియా స్కౌట్లు (ఆ ప్రాంతంలో ఆటగాళ్లను వెతికేవాళ్లు) ఇంటికొచ్చి మాట్లాడి వెళ్లారు. డ్రాఫ్ట్‌లో, అంటే క్లబ్బులు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే తంతులో, పేరు వస్తే సంతకం చేయాలా, కాలేజీకి పంపాలా, సంతకం చేస్తే ఆ తర్వాత నిజంగా ఏం జరుగుతుంది అని అడిగారు.

సూటిగా చెప్తాను. సంతకం పెట్టే నిమిషం వరకే బేరం మీ చేతిలో ఉంటుంది. పెట్టాక ఆరేడేళ్లు క్లబ్బు మాటే మాట. ఏ ఊళ్లో ఆడాలి, ఏ స్థానంలో ఆడాలి, ఎప్పుడు పైకి పంపాలి, ఎప్పుడు ఇంటికి పంపాలి, అన్నీ వాళ్లే తేలుస్తారు. మైనర్ లీగ్ (మేజర్ లీగ్‌కు కింద ఉండే మెట్లు) ఒప్పందం ఏడు సీజన్ల పాటు ఆటగాణ్ణి కట్టిపడేస్తుంది. ఆటగాళ్ల యూనియన్‌కూ క్లబ్బులకూ మధ్య కుదిరిన 2023 నాటి ఉమ్మడి ఒప్పందం తర్వాత, 19 ఏళ్లు లేదా ఆపైన వయసులో సంతకం చేసేవాళ్లకు ఇది ఆరుకు తగ్గింది. హైస్కూల్ నుంచి 18 ఏళ్లకే వెళ్లే పిల్లాడికి మాత్రం ఏడే. ఇక్కడే చాలామంది తల్లిదండ్రులు పొరబడతారు: అబ్బాయి కట్టుబడి ఉండాల్సింది ఏడేళ్లు, క్లబ్బు కట్టుబడి ఉండాల్సింది ఒక్క రోజు కూడా కాదు. మైనర్ లీగ్ ఆటగాణ్ణి ఎప్పుడైనా రిలీజ్ చేయొచ్చు, మిగతా ఏళ్లకు పరిహారం అంటూ ఏమీ ఉండదు. కాబట్టి అడగాల్సినవన్నీ ముందే అడిగి, కాగితం మీద రాయించుకోవాలి.

ముందు డబ్బు లెక్క. డ్రాఫ్ట్ జులైలో జరుగుతుంది, 2021 నుంచి 20 రౌండ్లే. మొదటి పది రౌండ్లలో ప్రతి పిక్‌కూ (ఎంపిక వంతుకూ) ఒక స్లాట్ విలువ, అంటే లీగ్ సూచించే సంతకం బోనస్ అంకె, ఉంటుంది. ఒక క్లబ్బు పిక్‌ల స్లాట్ విలువలన్నీ కలిపితే ఆ క్లబ్బు బోనస్ పూల్. పూల్‌ను 5 శాతం దాకా మించితే, మించిన సొమ్ము మీద 75 శాతం పన్ను కట్టాలి. 5 శాతం దాటితే వచ్చే ఏడాది మొదటి రౌండ్ పిక్ పోతుంది. అందుకే క్లబ్బులు ఆ 5 శాతం అంచు దాకా వెళ్తాయి గానీ గీత దాటవు. పదకొండో రౌండ్ నుంచి 1,50,000 డాలర్ల వరకు ఇచ్చేది పూల్‌లోకి రాదు, ఆపైన ఇచ్చేది వస్తుంది. 

స్లాట్ విలువ అంటే మీకు రావాల్సిన హక్కు కాదు. 2024లో మొదటి పిక్ స్లాట్ కోటీ అయిదు లక్షల డాలర్ల పైనే ఉంటే, ట్రావిస్ బజ్జానా 89 లక్షల 50 వేలకు సంతకం చేశాడు. ఆ మిగిలింది క్లబ్బు జేబులోకి పోదు, కింది రౌండ్లలో కాలేజీకి వెళ్లిపోతానంటున్న హైస్కూల్ పిల్లల్ని ఒప్పించడానికి వాడతారు. ఆరు నుంచి పదో రౌండ్ దాకా కొందరు కాలేజీ సీనియర్లను చాలా తక్కువ సొమ్ముకు తీసుకోవడంలో మర్మం కూడా అదే. సీనియర్‌కు వేరే దారి లేదు, మీ అబ్బాయికి కాలేజీ ఉంది. వాడి బేరానికి బలం ఆ కమిట్‌మెంటే. ఇంకోటి గమనించండి: పది రౌండ్ల లోపల తీసుకున్న ఆటగాడు సంతకం చేయకపోతే ఆ పిక్ స్లాట్ విలువ మొత్తం పూల్ నుంచి ఎగిరిపోతుంది. అందుకే క్లబ్బు మీ నంబరు తెలియకుండా తీసుకోదు.

ఆ నంబరు అడిగేది ఏరియా స్కౌట్. డ్రాఫ్ట్‌కు కొన్ని వారాల ముందు మొదలుపెట్టి, డ్రాఫ్ట్ నడుస్తుండగా కూడా ఫోన్ చేసి 'ఈ రౌండ్‌లో ఇంతకు సంతకం చేస్తాడా, అవునా కాదా' అంటాడు. మొదటి కొన్ని రౌండ్లు దాటాక పిక్‌కూ పిక్‌కూ మధ్య ఉండేది నిమిషమో, అంతకన్నా తక్కువో. ఆ సమయంలో భార్యాభర్తలు వంటింట్లోకి వెళ్లి చర్చించుకునే వ్యవధి ఉండదు. నంబరు ముందే తేల్చుకోండి, అందరు స్కౌట్లకూ ఒకటే చెప్పండి. ఒకరికి 4 లక్షలు, ఇంకొకరికి 7 లక్షలు అంటే ఆ సంగతి స్కౌట్ల మధ్య సాయంత్రానికి పాకిపోతుంది, తర్వాత మీరు ఏ నంబరు చెప్పినా నమ్మరు. ఇక అడ్వైజర్, అంటే ఏజెంట్ సంగతి. హైస్కూల్ నుంచి డ్రాఫ్ట్ అయిన పిల్లాడి తరఫున ఏజెంట్ క్లబ్బుతో బేరమాడటానికి కాలేజీ ఆటల సంస్థ ఎన్‌సీఏఏ 2016 నుంచి ఒప్పుకుంటోంది. సంతకం కుదరక కాలేజీకి వెళ్తే మాత్రం ఆ ఏజెంట్‌తో సంబంధం తెంచుకోవాలి. ఫీజు మామూలుగా బోనస్‌లో 3 నుంచి 5 శాతం. స్లాట్ పట్టిక ఇంటర్నెట్‌లో అందరికీ కనిపిస్తుంది కాబట్టి, ఏజెంట్ చేసే పనిలో అసలు విలువ ఏ క్లబ్బు ఏ పిక్ దగ్గర డబ్బు మిగుల్చుకుంటోందో పసిగట్టడంలో ఉంటుంది. అది చెప్పలేనివాడికి 5 శాతం దండగ.

ఇప్పుడు చేతికొచ్చేదెంత? 5 లక్షల డాలర్ల బోనస్ అనుకుందాం. టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయ పన్ను లేదు గనుక లెక్క తేలిక. సైనింగ్ బోనస్ జీతం కిందికే వస్తుందని 2004లోనే అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ తేల్చింది, కాబట్టి ఫెడరల్ ఆదాయ పన్నుతో పాటు సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కూడా పడతాయి. 2025 రేట్లతో మొత్తం ఒకే క్యాలెండర్ ఏడాదిలో వస్తే, పన్నులు, 5 శాతం ఫీజు పోను చేతిలో మిగిలేది సుమారు 3 లక్షల 15 వేలు. అదే సగం ఈ ఏడాది, సగం వచ్చే జనవరిలో వచ్చేట్టు రాయించుకుంటే సుమారు 3 లక్షల 40 వేలు. ఒక్క తేదీ మార్పుతో పాతిక వేలు. వాయిదాల తేదీలు సంతకానికి ముందు మాట్లాడాల్సిన విషయమే, తర్వాత మార్చరు.

ఇందులోనే ఇంకో గొయ్యి ఉంది. బోనస్ లాంటి సొమ్ము మీద, మిలియన్ డాలర్ల లోపు అయితే, క్లబ్బు మామూలుగా 22 శాతమే పట్టుకుని మిగతాది పంపేస్తుంది. అసలు పన్ను దానికన్నా ఎక్కువ. ఖాతాలో కనబడిందంతా మనదేనని కారు, ఇంటికి డౌన్ పేమెంట్ కట్టేసిన కుటుంబానికి ఏప్రిల్‌లో గట్టి దెబ్బ తగులుతుంది. ఏజెంట్ ఫీజును ఉద్యోగి ఖర్చుగా తగ్గించి చూపించడం 2018 నుంచి కుదరదు. బోనస్ పడిన వారంలోనే సీపీఏ (పన్నుల అకౌంటెంట్) దగ్గర కూర్చుని, పన్నుకు కావాల్సింది పక్కన పెట్టేయండి.

జీతం? దాని మీద ఆశ పెట్టుకోకండి. మైనర్ లీగ్ ఆటగాళ్లకు మొట్టమొదటి యూనియన్ ఒప్పందం 2023లో వచ్చింది, 2027 సీజన్ దాకా ఉంటుంది. ఆ ఒప్పందం మొదటి ఏడాది వార్షిక కనీస జీతాలు, కింది మెట్టు నుంచి పైకి: క్లబ్బు శిక్షణ కేంద్రంలో జరిగే కాంప్లెక్స్ లీగ్‌లో 19,800 డాలర్లు, సింగిల్ ఏలో 26,200, హై ఏలో 27,300, డబుల్ ఏలో 30,250, ట్రిపుల్ ఏలో 35,800. అంతకు ముందు సింగిల్ ఏలో 11,000 ఉండేది, కాబట్టి రెట్టింపు దాటినట్టే. బస కూడా ఇప్పుడు క్లబ్బుదే. అయినా ఐటీలో కొత్తగా చేరిన కుర్రాడు నాలుగు నెలల్లో సంపాదించేది ఇక్కడ ఏడాదంతా కష్టపడితే వస్తుంది. మొదటి నాలుగేళ్లకు అసలు జీతం బోనసే. దాన్ని నాలుగు, వీలైతే అయిదు ఏళ్లకు భాగించి చూసుకోండి, అప్పుడు నంబరు పెద్దదో చిన్నదో తెలుస్తుంది.

కాలేజీ వైపు కూడా తూకం మారింది. ఒకప్పుడు డివిజన్ వన్ బేస్‌బాల్ జట్టు మొత్తానికి 11.7 స్కాలర్‌షిప్పులే, ఒక్కొక్కరికి పావో సగమో దక్కేది. 2025–26 నుంచి, ఆటగాళ్లకు కాలేజీలు నేరుగా డబ్బిచ్చే కొత్త ఒప్పందంలో చేరిన కాలేజీలకు రోస్టర్ (జట్టు సభ్యుల) పరిమితి 34, కావాలంటే ఆ 34 మందికీ పూర్తి స్కాలర్‌షిప్ ఇవ్వొచ్చు. ఇవ్వొచ్చు అన్నాను, ఇస్తారని కాదు. పెద్ద కాన్ఫరెన్సుల్లో డబ్బున్న కాలేజీ అయితే విలువ బాగా పెరిగింది. కానీ 34 అంటే ఫ్రెష్‌మన్‌కు (మొదటి ఏడాది విద్యార్థికి) చోటు తగ్గినట్టే, ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (కాలేజీ మారే ఆటగాళ్ల జాబితా) నుంచి 22 ఏళ్ల వాళ్లను తెచ్చుకునే కోచ్‌లు ఎక్కువయ్యారు. అబ్బాయి మొదటి ఏడాదే ఆడతాడా, బెంచీ మీద కూర్చుంటాడా అని కోచ్‌ను మొహమాటం లేకుండా అడగండి. నాలుగేళ్ల కాలేజీలో చేరితే మళ్లీ డ్రాఫ్ట్‌కు అర్హత మూడో ఏడాది తర్వాతో, 21 ఏళ్లు నిండితేనో. జూనియర్ కాలేజీకి వెళ్తే ప్రతి ఏడాదీ అర్హతే.

నా లెక్క ఇది, మీరు ఒప్పుకోనక్కర్లేదు: 1,50,000 డాలర్లకు హైస్కూల్ పిల్లాడు సంతకం చేయడం దాదాపు ఎప్పుడూ తప్పే. పన్నులు, ఫీజు పోయాక లక్ష చిల్లర మిగులుతుంది. అంత తక్కువ పెట్టిన ఆటగాడికి క్లబ్బు ఓపిక కూడా అంతే ఉంటుంది. రెండు సీజన్లు సరిగా ఆడకపోతే పెద్ద బోనస్ వాడికి మూడో అవకాశం వస్తుంది, చిన్న బోనస్ వాడికి రిలీజ్ వస్తుంది. క్లబ్బులో ఒక సీజన్‌లో ఉంచుకోగల దేశీయ మైనర్ ఆటగాళ్ల సంఖ్యను 2024 నుంచి 180 నుంచి 165కి తగ్గించారు. ప్రతి జులైలో కొత్త బ్యాచ్ దిగగానే ఎవరో బ్యాగు సర్దుకోవాలి.

ఎదుగుదల ఎలా సాగుతుందో చూడటానికి మన తెలుగు కుటుంబం నుంచి వచ్చిన కుర్రాడే ఉన్నాడు. ఫ్లోరిడాలో టాంపా దగ్గర స్ట్రాబెర్రీ క్రెస్ట్ హైస్కూల్‌లో చదివిన అర్జున్ నిమ్మలను 2023 డ్రాఫ్ట్‌లో 20వ పిక్‌గా టొరంటో బ్లూ జేస్ తీసుకుంది. అప్పటికి వయసు 17, ఫ్లోరిడా స్టేట్‌కు కమిట్ అయి ఉన్నాడు. 30 లక్షల డాలర్లకు సంతకం చేశాడు, ఆ పిక్ స్లాట్ దాదాపు 37 లక్షలు. మన వాట్సాప్ గ్రూపుల్లో తిరిగింది ఈ వార్త వరకే. నేర్చుకోవాల్సింది మాత్రం ఆ తర్వాత జరిగినదాంట్లో ఉంది.

సంతకం చేసిన వేసవిలో కాంప్లెక్స్ లీగ్‌లో కొన్ని ఆటలే ఆడాడు. ఇది మామూలే. డ్రాఫ్ట్ జులై మధ్యలో, మెడికల్, కాగితాలు అయ్యేసరికి నెలాఖరు. ఇప్పుడైతే కాంప్లెక్స్ సీజన్ మే మొదట్లో మొదలై జులైలోనే ముగిసిపోతోంది, కాబట్టి మీ అబ్బాయికి ఆ ఏడాది ఒక్క అధికారిక ఆట కూడా దక్కకపోవచ్చు, గాభరా పడకండి. 2024లో నిమ్మలను నేరుగా డునీడన్‌లో సింగిల్ ఏకు పంపారు. మొదటి వారాలు ఘోరం, బ్యాటింగ్ సగటు .200 (పదింటికి రెండు హిట్లు) అందుకోలేదు, స్ట్రయికౌట్లు (మూడు స్ట్రయిక్‌లతో అవుటవడం) కుప్పలు. క్లబ్బు ఆటలు ఆపించి, శిక్షణ కాంప్లెక్స్‌కు తెచ్చి, స్వింగ్ సరిచేయించి మళ్లీ పంపింది. తిరిగొచ్చాక బంతి కంచె దాటడం మొదలైంది, ఆ ఏడాది పదిహేనుకు పైగా హోమ్ రన్లు కొట్టాడు. 2025లో వాంకూవర్‌లో హై ఏ. మొదట్లో జోరుగా ఆడి, వేసవి ముదిరేకొద్దీ సగటు పడిపోయింది. పైకీ కిందికీ ఇలా ఊగడం ఆ వయసుకు సహజం. ఇక్కడ 30 లక్షల బోనస్ ఏం కొనిపెట్టిందో చూడండి: చేతికొచ్చిన సొమ్ముతో పాటు, సగటు .200 కింద ఉన్నప్పుడు ఆగి సరిచేసుకునే వారాలు. పదిహేనో రౌండ్ కుర్రాడికి అన్ని వారాలు ఇవ్వరు.

ఎందుకలా తడబడతారు? హైస్కూల్ సీజన్ మొత్తం ముప్పై ఆటల చుట్టూ ఉంటుంది. సింగిల్ ఏ, హై ఏలలో 132, డబుల్ ఏలో 138, ట్రిపుల్ ఏలో 150. మంగళవారం నుంచి ఆదివారం దాకా ఒకే ప్రత్యర్థితో ఆరు ఆటలు, సోమవారం సెలవు, చాలాసార్లు ఆ సెలవు బస్సులోనే గడిచిపోతుంది. రాత్రి 7 గంటల ఆటకు మధ్యాహ్నం ఒంటిగంటకల్లా పార్కులో ఉండాలి. బరువులు, వీడియో మీటింగ్, నేల బంతుల డ్రిల్లు, నాలుగింటికి బ్యాటింగ్ ప్రాక్టీసు, మధ్యలో తిండి. ఆట ముగిసి స్నానం చేసి బయటపడేసరికి పదకొండు. ఇదే వరసలో ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా. జూన్ చివరికి 18 ఏళ్ల ఒంటి మీద అయిదారు కిలోలు తగ్గిపోతాయి, బ్యాట్ వేగం పడిపోతుంది, ఒకప్పుడు గోడకు తగిలిన బంతి ఫీల్డర్ చేతిలో పడుతుంది. దీన్ని టెక్నిక్ లోపమనుకుని ఇంటి దగ్గరి పాత కోచ్‌తో ఫోన్‌లో స్వింగ్ మార్పించే తండ్రులు ఉంటారు. దయచేసి ఆ పని చేయకండి. నిద్ర, ప్రొటీన్, బరువు, ఈ మూడే ముందు చూడాలి. వారానికోసారి ఒకే సమయంలో బరువు చూసుకుని రాసుకోమనండి, ఒక నెలలో రెండు కిలోలకు మించి తగ్గితే క్లబ్బు న్యూట్రిషనిస్ట్‌కు చెప్పమనండి.

ఇంకోటి బ్యాట్. హైస్కూల్‌లో, కాలేజీలో లోహపు బ్యాట్. ప్రొఫెషనల్‌లో కట్టెదే: మేపుల్, బర్చ్, యాష్. లోహపు బ్యాట్‌తో పిడి దగ్గర తగిలిన బంతి కూడా ఇన్‌ఫీల్డ్ దాటుతుంది. కట్టెతో అదే బంతి బ్యాట్‌ను రెండు ముక్కలు చేసి పిచర్ కాళ్ల దగ్గర ఆగుతుంది. లోపలికి దూసుకొచ్చే 95 మైళ్ల బంతికి ఇది రోజూ జరిగేదే. అబ్బాయికి ఇప్పటినుంచే కట్టె బ్యాట్‌తో ప్రాక్టీసు చేయించండి. 33 లేదా 33.5 అంగుళాలు, ఔన్సుల్లో బరువు అంగుళాల కన్నా రెండో మూడో తక్కువ. మేపుల్ బ్యాట్ పిడి మీద చిన్న సిరా చుక్క ఉంటుంది చూడండి, సిరా ఎటు పాకిందో అదే కట్టెలోని రేకల (నార గీతల) వాలు. వాలు 3 డిగ్రీలు మించితే ఆ బ్యాట్ ముక్కలై ఎగిరే ప్రమాదం ఎక్కువ, ఎంత అగ్గువకు దొరికినా కొనొద్దు. మంచివి ఒక్కొక్కటి 100 నుంచి 200 డాలర్లు, నెలకు మూడు నాలుగు విరిగినా ఆశ్చర్యపోకండి.

మొదటి రెండేళ్లలో సగటు చూసి కుంగిపోవద్దు, క్లబ్బు కూడా దాన్నే చూడదు. ప్రతి పార్కులో బంతి వేగం, కోణం కొలిచే యంత్రాలున్నాయి. బ్యాట్‌ను వదిలిన బంతి వేగం 95 మైళ్లు దాటేది ఎన్నిసార్లు, స్ట్రయిక్ జోన్ (సరైన బంతి రావాల్సిన పరిధి) బయటి బంతులకు ఎన్నిసార్లు బ్యాట్ తిప్పుతున్నాడు, జోన్ లోపలి బంతిని ఎన్నిసార్లు వదిలేస్తున్నాడు లేక తప్పుతున్నాడు, ఇవి ముఖ్యం. నా మోటు కొలత: సింగిల్ ఏలో 19 ఏళ్లకు స్ట్రయికౌట్ శాతం 25 లోపు ఉంటే నిశ్చింతగా ఉండొచ్చు, 30 దాటి సంవత్సరం పాటు దిగకపోతే ఆలోచించాలి. వయసు కూడా కలిపి చూడాలి. అదే లీగ్‌లో కాలేజీ నుంచి వచ్చిన 22 ఏళ్ల వాడు .290 కొట్టడం కన్నా 18 ఏళ్ల వాడు .240 కొట్టడం క్లబ్బుకు విలువైనది. ఇక షార్ట్‌స్టాప్ అని చెప్పారు కాబట్టి: డ్రాఫ్ట్‌లోని షార్ట్‌స్టాప్‌లలో ఎక్కువమంది రెండో బేస్‌కో, మూడో బేస్‌కో, సెంటర్ ఫీల్డ్‌కో మారతారు. మారమన్నప్పుడు మొహం ముడుచుకోకుండా రెండో గ్లవ్ కొనుక్కున్నవాడే ముందుకెళ్తాడు.

అసలు గడియారం వేరే ఉంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. 18 లేదా అంతకన్నా తక్కువ వయసులో సంతకం చేసినవాణ్ణి అయిదో సీజన్ తర్వాతి నవంబరులోపు క్లబ్బు తన 40 మంది జాబితాలో (మేజర్ లీగ్ ఒప్పందం ఉండే ఆటగాళ్లు) చేర్చాలి, లేకపోతే డిసెంబరులో జరిగే రూల్ ఫైవ్ డ్రాఫ్ట్‌లో వేరే క్లబ్బు 1,00,000 డాలర్లు కట్టి ఎగరేసుకుపోవచ్చు. 19 ఆపైన సంతకం చేసినవాళ్లకు నాలుగో సీజన్. నిమ్మల విషయంలో ఆ తేదీ 2027 నవంబరు. ఇలా తీసుకున్న ఆటగాణ్ణి మరుసటి సీజనంతా మేజర్ లీగ్‌లోని 26 మందిలో ఉంచాలి, ఉంచలేకపోతే 50,000కు పాత క్లబ్బుకు తిరిగి ఇవ్వజూపాలి. అంటే హైస్కూల్ కుర్రాడికి వాస్తవంలో నాలుగున్నర సీజన్లు ఉన్నాయి, ఆలోపు డబుల్ ఏలో నిలబడగలనని చూపించాలి. డబుల్ ఏ దగ్గరే జల్లెడ పడుతుంది, ఎందుకంటే అక్కడి పిచర్లు (బంతి వేసేవాళ్లు) తాము వెనకబడిన కౌంట్‌లో కూడా స్లయిడర్‌ను (పక్కకు వంగే బంతిని) స్ట్రయిక్ వేయగలరు, ఫాస్ట్‌బాల్ కోసం కాచుకుని కూర్చునేవాడి పని అయిపోతుంది.

40 మందిలో చేరితే మూడు మారతాయి. మైనర్‌లో ఉన్నా జీతం 60,000 డాలర్లు దాటుతుంది, రెండో ఒప్పందం నుంచి దానికి రెట్టింపు. మేజర్ లీగ్ యూనియన్ రక్షణ వస్తుంది. మూడోది ఆప్షన్లు: మూడు సీజన్ల పాటు పైకీ కిందికీ స్వేచ్ఛగా తిప్పుతారు, ఒక సీజన్‌లో అయిదుసార్లకు మించకుండా. ఒక సీజన్‌లో మొత్తం 20 రోజుల లోపే కింద ఉంటే ఆ ఏడాది ఆప్షన్ ఖర్చు కాదు. మేజర్‌లో ఉన్న ప్రతి రోజుకూ లెక్క ఉంది. 2025లో కనీస జీతం 7,60,000 డాలర్లు, 2026లో 7,80,000, రోజుకు 4,000 పైనే. 172 రోజులైతే ఒక సర్వీస్ ఏడాది, మూడేళ్లకు జీతం మీద ఆర్బిట్రేషన్ (మధ్యవర్తి తీర్పు), ఆరేళ్లకు ఫ్రీ ఏజెన్సీ (ఏ క్లబ్బుకైనా వెళ్లే స్వేచ్ఛ). 43 రోజులకు పింఛను హక్కు. ఈ అంకెలున్న మేజర్ లీగ్ ఉమ్మడి ఒప్పందం గడువు 2026 డిసెంబరు 1, ఆ తర్వాత అంకెలు మారతాయి.

పిచర్ తల్లిదండ్రులు కూడా ఇది చదువుతారు కాబట్టి రెండు మాటలు. కుమార్ రాకర్ పేరు వినే ఉంటారు, తల్లిది భారతీయ మూలం. 2018లో హైస్కూల్ నుంచి 38వ రౌండ్‌లో డ్రాఫ్ట్ అయితే కాదని వాండర్‌బిల్ట్‌కు వెళ్లాడు. 2021లో మెట్స్ పదో పిక్‌గా తీసుకుని 60 లక్షల డాలర్లకు మాట కుదిరాక, మెడికల్ చూసి వెనక్కి తగ్గింది. డ్రాఫ్ట్ ముందు ఎమ్మారై కార్యక్రమంలో రాకర్ పాల్గొనలేదు, అందువల్ల కనీసం ఇంత ఇవ్వాలన్న నిబంధన కూడా క్లబ్బుకు అడ్డు కాలేదు. ఇప్పటి నియమాల్లో లీగ్ ఆహ్వానించిన ఆటగాళ్లు డ్రాఫ్ట్‌కు ముందే ఎమ్మారై ఇస్తే స్లాట్‌లో కనీసం 75 శాతం ఆఫర్ ఖాయం. ఆహ్వానం వస్తే, భుజం, మోచెయ్యి బాగున్నాయని నమ్మకం ఉంటే, ఇవ్వడమే మేలు. రాకర్ 2022లో ట్రై-సిటీ వ్యాలీక్యాట్స్ అనే స్వతంత్ర జట్టుకు కొన్ని ఆటలు వేసి, అదే ఏడాది మూడో పిక్‌గా టెక్సస్ రేంజర్స్‌కు 52 లక్షలకు సంతకం చేశాడు. 2023 మేలో టామీ జాన్ శస్త్రచికిత్స (మోచేతి లిగమెంట్‌కు చేసేది), 2024 సెప్టెంబరులో సియాటిల్‌లో మేజర్ లీగ్ ప్రవేశం. ఆ శస్త్రచికిత్స అయితే 12 నుంచి 18 నెలలు పోయినట్టే. 17 ఏళ్లకే ప్రతి బంతినీ గరిష్ఠ వేగంతో వేయించి రాడార్ గన్ చూపించే షోకేసులు ఏడాదికి పది తిరగడం ఆపేయండి. పిచర్ల గాయాల మీద 2024 డిసెంబరులో మేజర్ లీగ్ విడుదల చేసిన నివేదిక కూడా వేలెత్తి చూపింది ఆ గరిష్ఠ వేగం మోజునే.

వీసా గురించి మీరు అడగలేదు గానీ మనవాళ్లలో చాలామందికి ఇదే పెద్ద చిక్కు. గ్రీన్ కార్డు క్యూలో ఉండి అబ్బాయి హెచ్-4 (డిపెండెంట్ వీసా) మీద ఉంటే, అమెరికా హైస్కూల్లో చదువుతున్నాడు గనుక డ్రాఫ్ట్‌కు అర్హుడే, కానీ హెచ్-4 మీద జీతం తీసుకుని ఆడకూడదు. క్లబ్బు పీ-1 (క్రీడాకారులకిచ్చే) వీసాకు దరఖాస్తు చేయాలి. 2006 నాటి చట్టంతో మైనర్ లీగ్ ఆటగాళ్లకు కూడా పీ-1 దారి తెరుచుకుంది. 21 నిండితే మీ గ్రీన్ కార్డు దరఖాస్తు నుంచి పిల్లాడు జారిపోయే ప్రమాదం వేరే ఉంది. పీ-1 తీసుకుంటే ఆ దరఖాస్తు మీద ఏం ప్రభావమో ఇమిగ్రేషన్ లాయర్‌తో డ్రాఫ్ట్‌కు ముందే మాట్లాడండి, స్కౌట్‌కు కూడా ముందే చెప్పండి. ఆఖరి నిమిషంలో తెలిస్తే బోనస్ తగ్గించడానికి అదొక సాకవుతుంది. పాస్‌పోర్టు గడువు కూడా చూసుకోండి, వాంకూవర్‌లో ఒక హై ఏ జట్టు ఉంది, ఆ లీగ్‌లోని మిగతా జట్లు కూడా సరిహద్దు దాటి అక్కడికి వెళ్లి ఆడాల్సిందే.

చివరిగా కాలేజీ స్కాలర్‌షిప్ ప్లాన్. ఆట అయిపోయాక చదువు ఖర్చు క్లబ్బు భరించేట్టు ఒప్పందంలో రాయించుకునే ఏర్పాటు ఇది. ఎన్ని సెమిస్టర్లు, సెమిస్టర్‌కు ఎన్ని డాలర్లు అన్నది సంతకం రోజే అంకెల్లో ఉండాలి. ఎనిమిది సెమిస్టర్లు అడగండి. కమిట్ అయిన కాలేజీలో ట్యూషన్, హాస్టల్, పుస్తకాలు కలిపి ఇప్పటి ఖర్చు ఎంతో కాగితం తీసుకెళ్లండి, ఆరేళ్ల తర్వాత ఫీజులు పెరుగుతాయి గనుక ఆ అంకె మీద పావు వంతు కలిపి అడగండి. క్లబ్బు ఇచ్చే ఈ సొమ్ము మీద పన్ను పడొచ్చు, అదీ లెక్కలో వేసుకోండి. ఆట వదిలిన రెండేళ్లలోపు కాలేజీలో చేరకపోతే ఈ హక్కు పోతుంది. రిలీజ్ అయిన కుర్రాడు అట్లాంటిక్ లీగ్‌లోనో ఫ్రాంటియర్ లీగ్‌లోనో ఇంకో రెండు వేసవులు ప్రయత్నిస్తూ ఈ గడువు మర్చిపోవడం తరచూ జరిగేదే. ఆ స్వతంత్ర లీగ్‌లలో ఆడినా గడియారం ఆగుతుందని అనుకోకండి, ఆగాలంటే ఆ మాట ఒప్పందంలో ఉండాలి. ముసాయిదా చేతికొచ్చాక ఆ పేరా ఒక్కటి లాయర్‌కు చూపించి, గడువు ఏ తేదీ నుంచి మొదలవుతుందో రాతపూర్వకంగా అడగండి.